కులాన్ని ‘సామాజికవర్గం’ అనవచ్చునా?

సందేహం: మా డిగ్రీ సమాజశాస్త్ర పుస్తకంలో సాంఘీక అంతస్తుల పాఠంలో వర్గం వేరు, కులం వేరు అని ఉంది. పత్రికల్లో ‘ఫలానా సామాజికవర్గం నేత’ అంటే మాత్రం కులమే. పరీక్షలో ఏది రాయాలండీ? – ఒక విద్యార్థిని

సమాధానం: పరీక్షలో కులాన్ని కులమనే రాయండమ్మా. తక్కినది ‘అమరకోశం’ అనే సంస్కృత నిఘంటువు రాసిన అమరసింహుణ్ణి అడుగుదాం.

ఆ కోశంలో సింహాదివర్గమనే భాగం చివర ఆయన గుంపులకు పేర్లు పంచాడు. ‘వృందభేదాః సమైర్వర్గః సంఘసార్థౌ తు జంతుభిః’. ఏదో ఒక విషయంలో సమానమైనవి చేరితే వర్గం. ప్రాణులు చేరితే సంఘం, సార్థం. ‘సజాతీయైః కులం’, ఒకే జాతివి చేరితే కులం. ఆ వెంటనే, ‘పశూనాం సమజోఽన్యేషాం సమాజః’. పశువుల మంద సమజం, పశువులు కానివారిది సమాజం! మందకూ మనకూ మధ్య ఉన్నది ఒక్క దీర్ఘం. పశువుల విషయంలో హ్రస్వమే రావాలని, ‘సముదోరజః పశుషు’ అంటూ వ్యాకరణకర్త పాణిని దీనికోసం సూత్రమే చేశాడు. తొందరలో దీర్ఘం ఎగరగొట్టి ‘సమజసేవ’ అని అచ్చువేసేవారు తాము ఎవరికి సేవ చేస్తున్నారో చూసుకోవాలి.

వర్గానికి మూలం వృజ్ ధాతువు, వర్జించడం. త్యజ్ త్యాగమైనట్టే ఇదీ వర్గమైంది. పంచాంగంలోని వర్జ్యం దీని చుట్టమే. పోలిక చూసి పక్కకు తీసిపెట్టినది వర్గం. కవర్గంలో అయిదక్షరాలు చేరింది పుట్టే చోటు కంఠం కనుకనే.

సమాజశాస్త్రమూ ఈ పోలికనే పట్టుకుంది. మార్క్స్ లెక్కలో భూమి, యంత్రాల వంటి ఉత్పత్తి సాధనాలతో ఒకే సంబంధం ఉన్నవారు ఒక వర్గం. వర్గమంటే ఏమిటో చెప్పబోయిన ఆయన పుస్తకం ‘పెట్టుబడి’ మూడో సంపుటం చివరి అధ్యాయం కాసిని పేరాలకే ఆగిపోయింది. ఆయన స్నేహితుడు ఎంగెల్స్ 1894లో దాన్ని అలాగే అచ్చువేశాడు. జర్మన్ సమాజశాస్త్రవేత్త వెబర్ మార్కెట్లో దొరికే అవకాశాలను బట్టి వర్గాన్ని, గౌరవాన్ని బట్టి అంతస్తును విడదీసి, కులాన్ని అంతస్తు వైపు పెట్టాడు. అందుకే ఒకే కులంలో వందెకరాల ఆసామీ, ఆయన పొలంలో కూలికి వెళ్లేవాడూ ఉంటారు. కులం ఒకటే, వర్గాలు రెండు. అంబేడ్కర్ 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలో, కులమంటే తలుపులు మూసుకున్న వర్గమని తేల్చారు. ఆ తలుపు గడియ, కులంలోనే పెళ్లి. ‘సామాజికవర్గం’ అన్న మాటలో ఆ గడియ కనిపించదు.

కులమనడానికి నోరు రాక కాబోలు పత్రికలవారు ఈ ముసుగు వేశారు. ముసుగు వేసినంత మాత్రాన లోపలిది మారుతుందా? అయితే నిందంతా వారిదే అనలేను. 1951లో రాజ్యాంగంలో చేరిన 15(4) అధికరణం ‘సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతులు’ అంది. ఆ తరగతుల జాబితాల్లోకి ఎక్కినవి ఎక్కువగా కులాలే. అదే ‘తరగతి’ అన్న మాట, ‘మధ్యతరగతి’లోకి వచ్చేసరికి సంపాదనను చెబుతుంది!

కనుక వార్తల్లో ‘సామాజికవర్గం’ తప్పని కొట్టివేయను, వాడుక పాతుకుపోయింది. శాస్త్రంలోకి తెస్తే మాత్రం ‘వర్గచైతన్యం’ అన్నచోట కులాభిమానం అనుకునే పిల్లలు తయారవుతారు.

అన్నట్టు, ‘సాంఘీక’ కాదమ్మా, ‘సాంఘిక’. ఘి హ్రస్వమే.