కొనే సైటులో కనబడే ఏడాది పుస్తకం పుట్టిన ఏడాది కాదండి

కాలేజీ వ్యాసం కోసం కన్యాశుల్కం అచ్చయిన ఏడాది వెతుకుతున్నానని, పుస్తకాలు అమ్మే సైట్లలో ఒక్కోచోట ఒక్కోటి కనబడుతోందని అడిగారు. వాళ్లు చూపించేది తమ దగ్గరున్న కాపీ అచ్చయిన ఏడాది. నాటకం మొదట వచ్చింది 1897లో. గురజాడ దాన్నే బాగా మార్చి, పెంచి 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఇప్పుడు మనందరం చదివేది ఆ రెండోదే. మీరు విజయనగరం వాళ్లు కదా, ఏ కూర్పో వ్యాసంలో తప్పక రాయండి.

ఇలాంటివి తేల్చుకోవాలంటే నేను ముందు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ లైబ్రరీ తెరుస్తాను. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు అక్కడ బోలెడున్నాయి. పేరు తెలుగులో కొట్టి చూడండి, దొరక్కపోతే ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు రకాలుగా కొట్టండి. స్పెల్లింగులు అక్కడ ఒక తీరున ఉండవు. వివరాల్లో వేసిన ఏడాది కూడా చాలాసార్లు తప్పే! అందుకే స్కాన్ తెరిచి ముఖపత్రం (లోపల పుస్తకం పేరుండే పేజీ), దాని వెనక పేజీ చూడాలి. ప్రెస్సు పేరు, ఊరు, ఎన్నో కూర్పు, వెల అన్నీ చిన్న అక్షరాల్లో అక్కడే ఉంటాయి. నాకు ఆ పేజీ ఒక్కటే సాక్ష్యం.

ఏ లైబ్రరీలో ఏ ముద్రణ ఉందో వరల్డ్‌క్యాట్ అనే లైబ్రరీల ఉమ్మడి ఆన్‌లైన్ జాబితాలో ఉచితంగా చూడొచ్చు.

కథల గురించైతే మన శ్రీకాకుళంలోని తెలుగు కథల లైబ్రరీ కథానిలయాన్ని మించింది లేదు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టారు. కథ మొదట ఏ పత్రికలో వచ్చిందో వాళ్ల సైటులో వెతకండి. అక్కడ తేలకపోతే బస్సెక్కండి, ఒక్క పూటలో వెళ్లి రావచ్చు.