ఓడ ఉద్యోగం, ఓడ కథలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. ఆబిడ్స్‌లో ఆదివారం పూట పెట్టే పాత పుస్తకాల్లో జోసెఫ్ కాన్రాడ్ రాసిన ‘లార్డ్ జిమ్’ కొన్నాడు. అప్పటినుంచి అదే ధ్యాస. “ఆయన పదహారేళ్లకే ఇల్లు వదిలి ఓడ ఎక్కాడు, తర్వాత అంత పెద్ద రచయిత అయ్యాడు, నేనూ చదువు మానేసి వెళ్తా” అంటున్నాడు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఆ రచయిత నిజంగా అలాగే బతికాడా?
– ఒక తల్లి, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, పదహారేళ్ల మాట నిజమే. కానీ మీ అబ్బాయి అందులో సగమే విన్నాడు.

కాన్రాడ్ పోలిష్ కుటుంబంలో 1857లో పుట్టాడు. పుట్టిన ఊరు బెర్డీచివ్ అప్పుడు రష్యా సామ్రాజ్యంలో ఉండేది, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. తండ్రి కవి, అనువాదకుడు. పోలండ్ స్వాతంత్ర్యం కోసం పనిచేసినందుకు ఆయన్ని భార్యాబిడ్డలతో సహా వొలొగ్దా అనే చలి ప్రాంతానికి పంపేశారు. పిల్లవాడికి ఏడేళ్లప్పుడు తల్లి, పదకొండేళ్లప్పుడు తండ్రి పోయారు. ఆ తర్వాత బాధ్యత తీసుకున్నది మేనమామ తదేవుష్ బొబ్రొవ్‌స్కీ. 1874లో కాన్రాడ్ ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవుకు వెళ్లింది ఆ మేనమామ ఒప్పుకున్నాకే, ఆయన పంపే డబ్బుతోనే. పారిపోయి వెళ్లలేదు.

అక్కడ నాలుగేళ్లు గడిచేసరికి అప్పులు నెత్తిమీదకు వచ్చాయి. 1878లో ప్రాణం తీసుకోబోయి బతికి బయటపడ్డాడు. మేనమామ పరుగున వచ్చి అప్పులు తీర్చాడు. ఈ సంగతి మీ అబ్బాయికి తప్పకుండా చెప్పండి. భయపెట్టడానికి కాదు. ఒంటరిగా ఉన్న కుర్రవాడికి వెనక ఒక మనిషి ఉండటం ఎంత అవసరమో తెలియాలి.

అదే ఏడాది ఇంగ్లిష్ ఓడల్లో చేరాడు. అప్పటికి ఇరవై ఏళ్లు, ఇంగ్లిష్ దాదాపు రాదు. నావికుల మధ్య పనిచేస్తూ నేర్చుకున్నాడు. ఓడ ఆఫీసర్ల పరీక్షలు ఒక్కొక్కటిగా రాశాడు: 1880లో సెకండ్ మేట్, 1884లో ఫస్ట్ మేట్, 1886లో మాస్టర్, అంటే కెప్టెన్ పరీక్ష పాసయ్యాడు. చివరి రెండూ మొదటిసారి తప్పి, మళ్లీ కూర్చుని రాసినవే. అంటే ఓడ ఎక్కాక కూడా చదువు ఆగలేదమ్మా. ఓడ దిగినప్పుడల్లా పుస్తకాల ముందు కూర్చోవాల్సి వచ్చింది. ఓడల్లో పనిచేసిన మాలో ప్రతి ఆఫీసరూ ఇప్పటికీ ఆ దారిలో నడిచినవాడే.

సాహసం అని మనం అనుకునేదాంట్లో ఎక్కువ భాగం చాకిరీ. ఆయన సెకండ్ మేట్‌గా ఉన్న ‘పాలస్తీన్’ అనే పాత ఓడ ఇంగ్లండ్ నుంచి బ్యాంకాక్‌కు బొగ్గు తీసుకెళ్లాలి. బయల్దేరిన కొద్దిరోజులకే తుఫానులో నీళ్లు లోపలికి వచ్చాయి. రోజుల తరబడి పంపులు కొట్టి, వెనక్కి తిరిగి ఫాల్మత్ రేవు చేరి, నెలల తరబడి మరమ్మతులు చేసుకున్నారు. చివరికి 1883 మార్చిలో సుమత్రా దగ్గర బొగ్గే అంటుకుంది. నేనూ బొగ్గు ఓడల్లో పనిచేశాను కాబట్టి ఇది బాగా తెలుసు. తడిసిన బొగ్గును దించి, ఎక్కించి నలగగొడితే పొడి ఎక్కువవుతుంది. ఆ పొడి గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని లోలోపలే వేడెక్కుతుంది. బయటికి పొగ కనిపించేసరికి లోపల నిప్పు పుట్టి ఉంటుంది. అందుకే మేం హ్యాచ్‌లు, అంటే సరుకు గదుల మూతలు బిగించి, లోపలి వేడి, కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో రోజూ చూసి రాసుకునేవాళ్లం. కాన్రాడ్ రోజుల్లో ఆ పరికరాలు లేవు. పడవల్లోకి దిగి తీరం చేరారు. పదిహేనేళ్ల తర్వాత అదే ‘యూత్’ అనే కథ అయింది.

ఇక ‘లార్డ్ జిమ్’. దానికి ఆధారం 1880లో జరిగిన సంగతి. తొమ్మిది వందల మందికి పైగా హజ్ యాత్రికులతో వెళ్తున్న ‘జెడ్డా’ అనే ఓడ మునిగిపోతుందనుకుని కెప్టెన్, మరికొందరు ఆఫీసర్లు పడవలో దిగి వెళ్లిపోయారు. ఓడ మునిగిందని ఏడెన్ రేవులో చెప్పారు. మర్నాడు ఆ ఓడను ఇంకో ఓడ లాక్కుంటూ అదే రేవుకు తెచ్చింది, యాత్రికులతో సహా. మీ అబ్బాయి ఈ నవలను సాహసకథగా చదివినట్టున్నాడు. నేను వాచ్ కథగా, అంటే ఓడ మీద వంతులవారీ కాపలా కథగా చదివాను. రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే చోట, వాచ్ సెకండ్ ఆఫీసరుది. నాదీ చాలాకాలం అదే వాచ్. కింద అందరూ నిద్రలో ఉంటారు. నువ్వు మేలుకుని ఉన్నావన్న నమ్మకంతోనే నిద్రపోతారు. నవలలో అలాంటి ఓడనే వదిలి దూకిన ఆఫీసరు జిమ్ పోగొట్టుకున్నది ఆ నమ్మకాన్ని, అందుకే నవల చివరిదాకా అతనికి ఎక్కడా స్థిమితం లేదు.

ఓడ మీద ఆశ ఉంటే మంచిదే, ఆపకండి. బీటెక్ మాత్రం పూర్తిచేయమనండి. మెకానికల్ డిగ్రీ ఉన్నవాళ్లకు మెరైన్ ఇంజినీర్ కావడానికి ఏడాది కోర్సు ఉంది. కాలేజీకి డీజీ షిప్పింగ్ (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం) అనుమతి ఉందో లేదో మీరే చూసుకోండి. ఓడలో ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బడిగే ఏజెంటును గుమ్మం ఎక్కనివ్వకండి.

ప్రశ్న: నేను రైల్వేలో రిటైరయ్యాను. కాన్రాడ్ ఎప్పుడైనా మన దేశానికి వచ్చాడా?
– ఒక పాఠకుడు, కాచిగూడ

జవాబు: వచ్చాడండీ, మీ రైలే ఎక్కాడు. 1884 ఏప్రిల్‌లో ‘రివర్స్‌డేల్’ అనే ఓడలో సెకండ్ మేట్‌గా మద్రాసు చేరాడు. కెప్టెన్‌తో గొడవ వచ్చి ఉద్యోగం వదిలేసి, రైల్లో బొంబాయి వెళ్లాడు. ఆ కాలంలో మద్రాసు నుంచి బొంబాయి రైలు దారి మీకు చెప్పక్కర్లేదు: రేణిగుంట, కడప, గుత్తి, ఆదోని, రాయచూరు, వాడి. వాడి జంక్షన్ నుంచి నిజాం వేసిన లైను 1874 నుంచే హైదరాబాద్‌కు నడుస్తోంది. మన ఊరికి ఆయన వచ్చిన అతి దగ్గర చోటు ఆ జంక్షనే అయి ఉంటుంది. ఏప్రిల్ ఎండలో రాయలసీమ మీదుగా, ఉద్యోగం పోయిన ఇరవై ఆరేళ్ల మనిషి. ఆ ప్రయాణం గురించి ఆయన ఒక కథ రాసి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు చాలాసార్లు అనిపిస్తుంది.

బొంబాయిలో ‘నార్సిసస్’ అనే తెరచాప ఓడలో చేరి యూరప్ తిరిగి వెళ్లాడు. దారిలో ఒక నావికుడు చనిపోయాడు. 1897లో ఆ ఓడ పేరుతో వచ్చిన ఆయన నవల ఆ ప్రయాణం నుంచే పుట్టింది.

ప్రశ్న: నాది తెలుగు మీడియం. డిగ్రీ రెండో సంవత్సరం. కాన్రాడ్‌ను దేంతో మొదలుపెట్టాలి? ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ పది పేజీలు కూడా నడవలేదు.
– ఒక విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: దాన్ని పక్కన పెట్టమ్మా, తర్వాత చదువుదువు గాని. 1890లో కాంగో నదిలో స్టీమర్ మీద పనిచేసి, ఒళ్లు గుల్లచేసుకుని తిరిగొచ్చాక తొమ్మిదేళ్లకు రాసింది అది. అక్కడి తెల్లవాళ్ల దోపిడీని చూపించింది, నిజమే. కానీ అందులో ఆఫ్రికా మనుషులకు నోరు లేదు. నైజీరియా రచయిత చినువా అచెబె 1975లో దీన్నే గట్టిగా ప్రశ్నించాడు. ఆ విమర్శలో న్యాయం ఉందని నా అభిప్రాయం. ఆ నవల చదివినప్పుడు దాన్నీ కలిపి చదువు.

ఇంగ్లిష్ గురించి దిగులుపడకు. ఆయనకు పోలిష్, ఫ్రెంచ్ తర్వాత అది మూడో భాష. మొదటి నవలను ఓడ ఉద్యోగం చేస్తూనే 1889లో మొదలుపెట్టి, ఆ కాగితాలను దేశదేశాలు మోసుకు తిరిగాడు. కాంగోలో పడవ ప్రయాణంలో ఒకసారి, బెర్లిన్ రైల్వే స్టేషన్‌లో ఒకసారి అవి పోవాల్సింది. పుస్తకంగా వచ్చింది 1895లో.

నువ్వు ‘టైఫూన్’తో మొదలుపెట్టు. మెక్‌వర్ అనే కెప్టెన్ తుఫానును తప్పించుకుని చుట్టూ తిరిగి వెళ్లమని పుస్తకం చెబుతున్నా వినకుండా నేరుగా అందులోకే వెళ్తాడు. బంగాళాఖాతంలో తుఫాన్లు చూసినవాణ్ని, ఆ నిర్ణయాన్ని నేను ఒప్పుకోను. కానీ తర్వాత అతను చేసిన పని నాకు ఇష్టం. ఓడ కింది అంతస్తులో రెండు వందల మంది చైనా కూలీలు ఇళ్లకు తిరిగి వెళ్తుంటారు. తుఫానుకు వాళ్ల పెట్టెలు పగిలి, ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న వెండి డాలర్లన్నీ కలిసిపోతాయి. ఎవరివి ఎన్నో తేల్చే దారి లేదు. కెప్టెన్ మొత్తం పోగుచేయించి అందరికీ సమానంగా పంచుతాడు. మూడు డాలర్లు మిగిలితే, ఎక్కువ దెబ్బలు తగిలిన ముగ్గురికి ఇస్తాడు.

మొదటి పేజీలు మెల్లగా నడుస్తాయి. తుఫాను ఓడను పట్టుకునేదాకా ఓపిక పట్టు. ఆ తర్వాత ‘యూత్’ చదివి, ఎలా ఉందో నాకు రాయి.