ఖాళీ కన్నా ముందు న్యూక్లియస్ చూడండి

డాక్టర్ గారూ, విజయనగరంలో మీకొచ్చిన గర్భాశయ ముఖద్వారం బయాప్సీలో కణాల లోపల న్యూక్లియస్ చుట్టూ తెల్లని ఖాళీ ఉంది, హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీయగల వైరస్) అని రిపోర్టులో రాయాలా అని అడిగారు. ఆ ఖాళీ ఒక్కటే చాలదండి. కాయిలోసైట్ (హెచ్‌పీవీ సోకి మారిన కణం) అయితే న్యూక్లియస్ పెద్దదై, ముదురు రంగులో, ఎండుద్రాక్షలా ముడతలు పడి ఉంటుంది. ఒకే కణంలో రెండు న్యూక్లియస్‌లు ఉండటమూ మామూలే. ఖాళీ అంచు స్పష్టంగా, మందంగా కనిపిస్తుంది. న్యూక్లియస్ చిన్నగా, నున్నగా ఉంటే ఆ ఖాళీలో ఉన్నది చాలావరకు గ్లైకోజెనే (కణం నిల్వ చేసుకునే పిండిపదార్థం): పీఏఎస్ అనే రంగు (స్టెయిన్) పట్టి, గ్లైకోజెన్‌ని కరిగించే డయాస్టేజ్ ఎంజైమ్ వేస్తే పోతుంది. పీ16 అనే ప్రోటీన్ స్టెయిన్ మాత్రం సీఐఎన్ 2 (క్యాన్సర్‌కు ముందు కణాల్లో వచ్చే మార్పుల్లో మధ్యస్థాయి) అనుమానం ఉంటేనే చేయించండి. తేలికపాటి స్థాయి అయిన సీఐఎన్ 1లో అది కొన్నిట్లో వస్తుంది, కొన్నిట్లో రాదు. రిపోర్టులో హెచ్‌పీవీ అని చూస్తే ఆ ఇంట్లో ఎంత టెన్షనో మీకు తెలుసు. అనుమానం మిగిలితే బ్లాక్‌ని (మైనంలో పెట్టిన బయాప్సీ ముక్కని) ఇంకాస్త లోతుగా కోయించి చూశాకే రాయండి.