యాప్ చూపించిన 1,435 రూపాయల ఆదా ఎక్కడికి పోయింది?

ప్రశ్న: మాది హైదరాబాద్, నిజాంపేట. మావారూ నేనూ ఉద్యోగాలు చేస్తాం. ఇద్దరు పిల్లలు, అత్తగారు మాతోనే ఉంటారు. ఏప్రిల్ నెలాఖరులో ఒక సరుకుల డెలివరీ యాప్ మెంబర్‌షిప్ 3 నెలలకు 299 కట్టి తీసుకున్నాను. 199 దాటిన ఆర్డర్లకు డెలివరీ ఉచితం. ఈ 28తో గడువు అయిపోతుంది. ఏడాదికి 999కే ఇస్తామంటున్నారు. ఇప్పటిదాకా 1,435 రూపాయలు ఆదా అయ్యాయని యాప్ చూపిస్తోంది. మావారేమో దండగ అంటారు. సరుకుల ఖర్చు నెలకు 11,000 ఉండేది 13,500 అయిన మాట నిజమే. డాలస్‌లో ఉన్న మా చెల్లెలు అక్కడి ఇలాంటి మెంబర్‌షిప్ ఇన్‌స్టాకార్ట్ ప్లస్‌కు ఏటా 99 డాలర్లు కడుతుంది, చాలా లాభం అంటుంది. ఆర్డర్ల జాబితా, బిల్లులు పంపుతున్నాను. కట్టమంటారా?

జవాబు: వద్దు. అయితే మీవారు అంటున్నట్టు 299 దండగ అయిందని కాదు. అదేమంత పెద్ద మొత్తం కాదు. అసలు ఖర్చు వేరేచోట ఉంది.

జాబితా పంపి మంచి పని చేశారు. చాలామంది "బాగానే వాడతాం సార్" అని ఊరుకుంటారు, ఇక లెక్క ముందుకు కదలదు. మీవి మూడు నెలల్లో 41 ఆర్డర్లు. యాప్ చేసిందల్లా 41ని 35 రూపాయల డెలివరీ ఛార్జీతో గుణించడమే. గుణకారంలో తప్పు లేదు. కానీ 500 దాటిన ఆర్డర్లకు మెంబర్‌షిప్ లేనివాళ్లకు కూడా డెలివరీ ఉచితమేనని మీ బిల్లు అడుగునే ఉంది. అలాంటివి 6. వాటిమీద మీకు మిగిలిందేమీ లేదు. అవి పోతే మిగిలేవి 35 ఆర్డర్లు.

ఈ 35 ఆర్డర్లనూ పెన్ను పట్టుకుని ఒక్కొక్కటే చూశాను. వాటిలో 14 ఆర్డర్లు అదే రోజో మర్నాడో తెప్పించిన ఇంకో ఆర్డర్‌తో కలిసిపోయేవే. పొద్దున పెరుగు, కొత్తిమీర. సాయంత్రం మినప్పప్పు, గిన్నెల సబ్బు. ప్రతిసారీ 35 ఇచ్చుకోవాల్సి వస్తే ఎవరూ ఇలా రెండుసార్లు తెప్పించరు. మరో 9 ఆర్డర్లలో కావలసింది ఒక్క వస్తువే. తక్కినవన్నీ 199 దాటించడానికి వచ్చి చేరాయి. పావుకిలో పచ్చిమిర్చికి తోడుగా రెండు చిప్స్ ప్యాకెట్లు, ఒక ఐస్‌క్రీమ్, వారం కింద కొన్న కెచప్ మళ్లీ ఇంకోటి. 35 రూపాయలు తప్పించుకోవడానికి ఒక్కో ఆర్డర్ మీద సుమారు 140 పెట్టారు. తొమ్మిదింటికీ కలిపి 1,260.

నిజంగా అవసరమైనవి 12 మిగిలాయి. అత్తగారికి ఒంట్లో బాగోనప్పుడు తెప్పించిన ఓఆర్ఎస్, బ్రెడ్. చుట్టాలు చెప్పకుండా వచ్చిన రోజు పాలు. ఈ 12 ఆర్డర్ల మీద మీకు తప్పిన ఛార్జీ 420. అందులో 299 పోతే 121. ఇంకొకటుంది. ప్రతి బిల్లులోనూ 10 రూపాయల హ్యాండ్లింగ్ ఛార్జీ ఉంది, మెంబర్లకూ అది తప్పదు. అక్కర్లేకుండా పెరిగిన 23 ఆర్డర్లకు అది 230 అయింది. అంటే 1,435 ఆదా కాస్తా 109 నష్టంగా తేలింది. చిప్స్, కెచప్ లెక్కలోకి తీసుకోకుండానే సుమా.

ఇక నెలకు పెరిగిన 2,500 సంగతి. అదంతా యాప్ నెత్తిన రుద్దితే అన్యాయం. మధ్యలో పిల్లల వేసవి సెలవులు వచ్చాయి. మే బిల్లులో నాలుగు లీటర్ల నువ్వుల నూనె, ఆవపిండి, కారం కనిపిస్తున్నాయి, ఆవకాయ పెట్టినట్టున్నారు. అది ఏడాది ఖర్చు, ఒక్క నెల ఖాతాలో పడింది. వీటన్నిటి కింద నెలకు ఓ వెయ్యి తీసేద్దాం. ఇంకా 1,500 ఉంది. అందులో 199 దాటించడానికి కొన్నవి నెలకు 420. మిగతాదానికి నాకు కనిపిస్తున్న కారణం ప్యాకెట్ల సైజు. ఇదివరకు నెల సరుకుల్లో ఒకేసారి వచ్చే కందిపప్పు ఇప్పుడు అరకిలో చొప్పున ఐదుసార్లు వచ్చింది. నూనె, చక్కెర, సర్ఫ్ కూడా అంతే.

దీన్ని మీరే తేల్చుకోవచ్చు. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ పక్కన గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో చిన్న అక్షరాల్లో ముద్రించి ఉంటుంది. మీరు తరచూ కొనే పది సరుకులు తీసుకుని, యాప్ ధరను గ్రాముల్లోకి మార్చి, డీమార్ట్ బిల్లుతోనూ మీ వీధి కిరాణా కొట్టు ధరతోనూ పోల్చండి. కొన్ని యాప్‌లోనే తక్కువ ఉండొచ్చు, ఉంటే అవి అక్కడే కొనండి. బియ్యం మాత్రం బస్తాగానే తెచ్చుకోండి. 25 కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యం మీద 2022 జులై 18 నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది. అది తప్పించుకోవడానికే వ్యాపారులు 26 కిలోల బస్తాలు తెచ్చారు. ఐదు కిలోల ప్యాకెట్ తెప్పించుకున్న ప్రతిసారీ ఆ పన్ను మీరు కడుతున్నట్టే.

మీ చెల్లెలు చెప్పేది అబద్ధం కాదు. డాలస్‌లో సరుకులకు కారు తీయాలి, పార్కింగ్ చూసుకోవాలి, గంటన్నర పోతుంది. డెలివరీకి పెట్టే డబ్బు ఆ ప్రయాణానికి బదులు. డెలివరీ మనిషికి టిప్ అదనం, అది 99 డాలర్లలో రాదు. నిజాంపేటలో మీ అపార్ట్‌మెంట్ కింద కిరాణా కొట్టు ఉంటుంది, ఫోన్ చేస్తే కుర్రాడితో పైకి పంపుతాడు. అదీ ఉచిత డెలివరీయే, కాకపోతే దానికి మెంబర్‌షిప్ అన్న పేరు లేదు.

టైమ్ కలిసొస్తుంది కదా అని అడుగుతారేమో. ఒక్కో ఆర్డర్‌కు యాప్‌లో పది నిమిషాలు వేసుకున్నా 41కి దగ్గరదగ్గర ఏడు గంటలు. తలుపు తీయడం, కవర్లు సర్దడం వేరే.

కాబట్టి ఆగస్టు, సెప్టెంబర్ మెంబర్‌షిప్ లేకుండా నడపండి. యాప్ తీసేయమనడం లేదు. నెల సరుకులు ఒకేసారి తెచ్చుకోండి. కూరగాయలు శనివారం కేపీహెచ్‌బీ రైతుబజార్‌లో, ఏ రోజు ధర ఆ రోజు బోర్డు మీద రాసి ఉంటుంది. ఆ పని మీవారికి అప్పగించండి. అత్యవసరమైతే యాప్, నెలకు నాలుగుసార్లు, ప్రతిసారీ 35 కట్టి. నాలుగుకు 140 అవుతుంది. ఏడాది మెంబర్‌షిప్ నెలకు 83 పడుతుంది. అవును, నేను చెప్పేదే 57 రూపాయలు ఎక్కువ. తెలిసే చెబుతున్నాను. ఆ 35 కనబడితే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, "రేపటి వాటితో కలిపి తెప్పిద్దాంలే" అనిపిస్తుంది. నెలకు 57 పోసి ఆ ఆలోచన కొనుక్కుంటున్నారు. రెండు నెలల తర్వాత నిజమైన అవసరాలే నెలకు ఎనిమిది, పది దాటితే అప్పుడు మెంబర్‌షిప్ తీసుకోండి, అదీ మూడు నెలలకే.

ఏడాదికి ఎందుకు వద్దంటున్నానో మా ఇంటి అనుభవంతో చెబుతాను. ఒక యాప్‌కు ఏడాది డబ్బు ముందే కట్టేశాం. నాలుగో నెలలో ఉచిత డెలివరీకి కనీస ఆర్డర్ 99 నుంచి 199కి పెంచేశారు. నిబంధనల్లో ఆ హక్కు తమకుందని రాసే ఉంది, చదవనిది నేను. లిఫ్టు లేని మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు, పిల్లలు అమెరికా నుంచి సరుకులు బుక్ చేసే ఇళ్లకు ఇది పనికొచ్చే ఖర్చే. వాళ్లకు కూడా ఏడాదికి కట్టమని చెప్పను.

ఒక జాగ్రత్త. 28న తనంతట తానే రెన్యూ కావచ్చు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం ఇలా ఆటోమేటిగ్గా డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందు మీకు మెసేజ్ రావాలి. అయితే 15,000 లోపు మొత్తాలకు ప్రతిసారీ ఓటీపీ అడగరు. మీరు చూడకపోతే డబ్బు పోయినట్టే. ఇవాళే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి ఆ మాండేట్, అంటే డబ్బు తీసుకోవడానికి మీరిచ్చిన అనుమతి, రద్దు చేయండి. తర్వాతి ఆర్డర్లలో మెంబర్‌షిప్ తనంతట తానే కార్ట్‌లో చేరి ఉందేమో కూడా చూసుకోండి. అడగకుండా కార్ట్‌లో వస్తువు చేర్చడం, రద్దు చేసుకునే దారి కష్టం చేయడం, రెండూ 2023 నవంబర్‌లో కేంద్రం నిషేధించిన 13 రకాల మాయదారి పద్ధతుల్లో ఉన్నాయి. అలా జరిగితే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

అన్నట్టు, జాబితాలో రాత్రి పదిన్నర దాటాక వెళ్లిన ఆర్డర్లు ఏడున్నాయి. అన్నిట్లోనూ బటర్‌స్కాచ్ ఐస్‌క్రీమే. అవి ఎవరివో ఒకసారి మీవారిని అడగండి.