ఎలాగూ విశాఖ పంపేదానికి ఇక్కడెందుకు ఆపారు?

ప్రశ్న: మాది అనకాపల్లి జిల్లాలో ఒక పల్లె. వరి కోతలప్పుడు మా నాన్నగారి కాలికి రక్తపింజర కాటేసింది. విశాఖ తీసుకెళ్లమని బతిమాలినా 108 వాళ్లు దగ్గర్లోని ఏరియా ఆసుపత్రిలోనే దింపారు. అక్కడ సెలైన్ పెట్టి, ఏవో ఇంజెక్షన్లు చేసి, రాత్రికి విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి రాసేశారు. ఇప్పుడు ఇంటికొచ్చి కోలుకుంటున్నారు. ఎలాగూ పంపేదే అయితే మొదటే వెళ్తే ఆ టైమంతా కలిసొచ్చేది కదమ్మా? ఇంకెవరికైనా ఇలా జరిగితే కారు మాట్లాడుకుని సరాసరి విశాఖ వెళ్లిపోవచ్చా?

జవాబు: వద్దు బాబూ. ఏరియా ఆసుపత్రుల క్యాజువాలిటీలో నర్సుగా చేసి రిటైరైనదాన్ని, ఈ మాట ఎన్ని కుటుంబాల నోట విన్నానో!

రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. అందుకే రాగానే కాస్త రక్తం తీసి గాజు ట్యూబులో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాం. తర్వాత వంచి చూస్తే నీళ్లలా జారిందా, విషం ఎక్కినట్టే. మీరు చూసిన సెలైన్‌లో కలిపేది విరుగుడు మందు, మామూలుగా మొదట 10 వయల్స్, అంటే చిన్న మందు సీసాలు. ఆరు గంటలకు మళ్లీ ట్యూబు పరీక్ష. ఈ మధ్యలోనే బంధువులు ‘ఏమీ చేయకుండా పడుకోబెట్టారు’ అని మా మీద అరిచేది.

ఆ మందు కేజీహెచ్‌లో ఒక రకం, ఇక్కడ ఒక రకం ఉండదు. ఎంత ముందు ఎక్కితే అంత మేలు. గుర్రాల రక్తం నుంచి తీసేది కాబట్టి కొందరికి పడదు. దద్దుర్లు, ఆయాసం వస్తే వెంటనే అడ్రినలిన్ ఇవ్వాలి. అద్దె కారులో అది ఎవరిస్తారు? మరి కేజీహెచ్‌కి ఎందుకు రాశారంటారా? ఈ పాము కాటుకి కిడ్నీలు దెబ్బతింటాయి. మూత్రం తగ్గితే డయాలసిస్ కావాల్సి రావచ్చు. ఆ వసతి లేనిచోట ఉంచుకోవడమే తప్పు. మీ నాన్నగారు విశాఖ దారి పట్టేసరికి విరుగుడు ఒంట్లో ఉంది. అది టైము పోవడం కాదు బాబూ.

మందు లేదనో, డ్యూటీ డాక్టర్ లేరనో తిప్పి పంపిన రాత్రులు నేనూ చూశాను, అబద్ధం చెప్పను. అందుకే 108 ఎక్కగానే అందులో రోగిని చూసుకునే ఈఎంటీని అడగండి: ‘అక్కడ పాము మందు ఉందా, ఒకసారి ఫోన్ చేస్తారా?’ అని. బండి నడిపే పైలట్‌తో వాదన పెట్టుకుని లాభం లేదు.

గుండెపోటుకీ ఇదే లెక్క. ఈసీజీ తీసి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ దగ్గర్లోనే పడితే తర్వాత పెద్దాసుపత్రికి వెళ్లొచ్చు. పక్షవాతం మాత్రం వేరు. మూతి వంకరపోయి, చెయ్యి లేవకపోతే సీటీ స్కాన్ ఉన్న చోటికే పోవాలి. స్కాన్ చూడకుండా ఆ ఇంజెక్షన్ ఇవ్వరు, అదీ నాలుగున్నర గంటల్లోపే. 108 వాళ్లకి ఎప్పుడు మొదలైందో టైము సరిగ్గా చెప్పండి.

పాము కాటుకి తాడు కట్టొద్దు, కోయొద్దు. మెట్టెలు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయండి. నడిపించకండి. పామును చంపి సంచీలో వేసుకొస్తారు కొందరు, మా గుండె ఆగేది! దూరం నుంచి ఫోటో చాలు, అదీ వీలైతేనే.

రిఫర్ చేసిన కాగితం పారేయలేదు కదా? ఎన్ని వయల్స్, ఏ టైముకి ఎక్కించారో దాని మీదే ఉంటుంది. దాన్నీ, కేజీహెచ్ డిశ్చార్జి చీటీనీ పట్టుకెళ్లి నాన్నగారికి క్రియాటినిన్ పరీక్ష చేయించండి, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష అది. మూత్రం మామూలుగా వస్తోందో లేదో ఆయన్ని మొహమాటం లేకుండా అడగండి. పెద్దవాళ్లు అడిగితే గానీ చెప్పరు.