ఎక్స్-రే స్పెక్స్ మొదటి విడతలో ఒక్క ఆల్బమ్‌కే ఎందుకు ఆగిపోయింది?

మీరు రెండు సంగతులు అడిగారు. ఎక్స్-రే స్పెక్స్ అనే బ్రిటిష్ పంక్ (1970ల మధ్యలో వచ్చిన మొరటైన, వేగమైన రాక్ సంగీతం) బ్యాండ్ అంత పేరు తెచ్చుకుని కూడా మూడేళ్లకే ఎందుకు విడిపోయింది, ఇప్పుడు కొత్తగా వినేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి అని. మొదటిదానికి నా జవాబు ఇది: ఆ బ్యాండ్‌లో పాటలు రాసింది, పాడింది, దాని రంగూ రూపూ ఊహించింది ఒక్క అమ్మాయే. ఆ అమ్మాయి ఆరోగ్యం దెబ్బతింది, తగిన వైద్యం అందలేదు. పంక్ ఫ్యాషన్ పాతబడింది కాబట్టి వీళ్లూ పోయారనే మాటను నేను ఒప్పుకోను. 1978 చివరికి వాళ్లు ఇంకా పైకే వెళ్తున్నారు.

ఆమె పాలీ స్టైరీన్. అసలు పేరు మారియన్ ఎలియట్-సెయిద్. తండ్రి సోమాలియా నుంచి వచ్చినవాడు, తల్లి బ్రిటిష్ తెల్లావిడ. పెరిగింది దక్షిణ లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో. 1976 జూలై 3న, సరిగ్గా తన పంతొమ్మిదో పుట్టినరోజున, హేస్టింగ్స్‌లో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బ్యాండ్ షో చూసింది. ఆ తర్వాత సంగీత పత్రికలో ప్రకటన ఇచ్చి తన బ్యాండ్‌ను పోగేసుకుంది. స్టేజి పేరు కోసం ఎల్లో పేజెస్ (వ్యాపారాల ఫోన్ డైరెక్టరీ) తిరగేసి, మన థర్మాకోల్ తయారయ్యే ఆ ప్లాస్టిక్ పేరే పెట్టుకుంది. గిటార్ జాక్ ఎయిర్‌పోర్ట్, బేస్ పాల్ డీన్, డ్రమ్స్ బి.పి. హర్డింగ్. వీళ్లతోపాటు శాక్సోఫోన్‌కి లోరా లాజిక్, అప్పటికింకా స్కూలు వయసు పిల్ల. పంక్ బ్యాండ్‌లో శాక్సోఫోన్ అంటే అప్పట్లో వింతే. వీళ్ల పాటల్లో అది పక్కన నిలబడి తాళం వేయదు, పాలీ గొంతుతో పోటీపడి అరుస్తుంది.

1977లో వర్జిన్ కంపెనీ విడుదల చేసిన మొదటి సింగిల్ ‘ఓ బాండేజ్ అప్ యువర్స్!’ చార్టుల్లోకి రాలేదు. అందులో పాలీ, ఆడపిల్ల కనబడాలే గానీ ఆమె మాట వినబడకూడదనే పాత పెద్దల మాటను ముద్దుముద్దుగా చెప్పి, ఆ వెంటనే గొంతు చించుకుని తిరగబడుతుంది. అలాంటి మాటలు వింటూ పెరిగిన మన ఇళ్ల ఆడపిల్లలకు ఆ పాట గురించి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

నేను లండన్‌లో మాస్టర్స్ చేస్తూ సాయంత్రాలు సూపర్‌మార్కెట్‌లో షెల్ఫులు సర్దే రోజుల్లో, నాతో పనిచేసే ఒకాయన వీళ్ల ‘జెర్మ్‌ఫ్రీ అడాలసెంట్స్’ ఆల్బమ్ వినమని ఇచ్చాడు. షిఫ్ట్ అయ్యాక బస్సులో విన్నాను. నైలాన్ కర్టెన్లు, అక్రిలిక్ రోడ్డు, డిటర్జెంట్ నింపిన ఈతకొలను, ప్లాస్టిక్ సంచీ, టూత్‌పేస్ట్. అరగంట క్రితం వరకూ నా చేతుల్లో ఉన్న సరుకే పాటల్లోకి వచ్చి కూర్చుంది! ‘వారియర్ ఇన్ వూల్‌వర్త్స్’ అయితే దుకాణంలో పనిచేసే కుర్రాడి పాటే. పంక్ అనగానే రాజకీయ నాయకులనూ రాణినీ తిట్టడం గుర్తొస్తుంది. ఈమె చూపు మాత్రం సరుకుల మీద, ప్రకటనల మీద, వాటి మధ్య మనిషికి తానెవరో తెలియకుండా పోవడం మీద. పైగా అదంతా అసహ్యంతో రాయలేదు. ఆ మెరిసే రంగులంటే ఆమెకి ఇష్టం కూడా, అందుకే పాటల్లో ఉపన్యాసం వాసన రాదు. జెనెటిక్ ఇంజనీరింగ్ మీద కూడా ఒక పాట ఉంది, 1978లోనే!

ఆ ఏడాదే వాళ్ల జీవితమంతా. బ్రిటిష్ చార్టుల్లో ఏప్రిల్‌లో ‘ద డే ద వరల్డ్ టర్న్‌డ్ డే-గ్లో’ 23వ స్థానానికి, తర్వాత ‘ఐడెంటిటీ’ 24కి, నవంబరులో ‘జెర్మ్‌ఫ్రీ అడాలసెంట్స్’ సింగిల్ 19కి చేరాయి. ఏప్రిల్ 30న విక్టోరియా పార్కులో జాత్యహంకారానికి వ్యతిరేకంగా జరిగిన పెద్ద సభలో ద క్లాష్, స్టీల్ పల్స్ బ్యాండ్‌లతోపాటు వీళ్లూ వాయించారు. న్యూయార్క్ వెళ్లి సీబీజీబీ క్లబ్బులో కూడా ఆడారు. టీవీలో పళ్లకు క్లిప్పులతోనే కనబడింది పాలీ. లోరాను మాత్రం ఆల్బమ్‌కు ముందే పంపించేశారు. ఆమె అల్లిన శాక్సోఫోన్ బాణీలను ఇంకొకరు వాయించారు. ఇది నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

మరి ఆగిపోవడం? టూర్‌లో ఉండగా డాన్‌కాస్టర్‌లో షో అయ్యాక ఆకాశంలో గులాబీ రంగు వెలుగు చూశానని పాలీ చెప్పింది. ఆసుపత్రిలో చేర్చారు, స్కిజోఫ్రెనియా అన్నారు. అసలు ఉన్నది బైపోలార్ డిజార్డర్ (మనసు ఉత్సాహానికీ కుంగుబాటుకీ మధ్య ఊగే జబ్బు) అని చాలా ఏళ్ల తర్వాత, 1991లో తేలింది. ఇరవై ఒక్కేళ్ల అమ్మాయి, వరస టూర్లు, ఊళ్లో ప్రతివాళ్ల కళ్లూ తన మీదే, దానికి తోడు తప్పు జబ్బు పేరు. 1979 మధ్యలో ఆమె తప్పుకుంది. జాక్, హర్డింగ్ వెళ్లి క్లాసిక్స్ నూవో అనే బ్యాండ్‌లో చేరారు. అంతటితో అయిపోయింది.

‘ఆమెకి పిచ్చెక్కింది, బ్యాండ్ పోయింది’ అని ఒక్క వాక్యంలో తేల్చేసేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. తర్వాత కూడా ఆమె పాడుతూనే ఉంది. 1980లో ‘ట్రాన్స్‌లూసెన్స్’ అనే మెత్తని సోలో ఆల్బమ్ చేసింది. తర్వాత హరేకృష్ణ ఉద్యమంలో చేరి, లండన్ పక్కన భక్తివేదాంత మేనర్‌లో కొంతకాలం ఉంది. లండన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు కృష్ణాష్టమికి వెళ్లే గుడి అదే. నేనూ స్నేహితులతో వెళ్లాను. లోరా కూడా ఆ ఉద్యమంలోకే వచ్చింది. 2008లో లండన్‌లోని రౌండ్‌హౌస్ వేదికపై పాలీ మళ్లీ బ్యాండ్ పేరుతో పాడింది. తన సోలో ఆల్బమ్ ‘జనరేషన్ ఇండిగో’ విడుదలైన నెలకే, 2011 ఏప్రిల్‌లో, రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. అప్పటికి 53 ఏళ్లు.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలంటే, ముందు ‘ఓ బాండేజ్’ సింగిల్ విడిగా వినండి. 1978 నాటి అసలు ఎల్‌పీలో ఆ పాట లేదు, తర్వాతి సీడీల్లో చేర్చారు. ఆ పైన ఆల్బమ్ మొత్తం ఒకే విడతలో వినండి. గొంతు మొదట కర్ణకఠోరంగా అనిపిస్తే ‘జెర్మ్‌ఫ్రీ అడాలసెంట్స్’ పాటతో మొదలుపెట్టండి, అది నెమ్మదిగా సాగుతుంది. పాలీ, లోరా, పాల్ డీన్ మళ్లీ కలిసి 1995లో ‘కాన్షియస్ కన్స్యూమర్’ అనే రెండో ఆల్బమ్ చేశారు. అది బాగానే ఉంటుంది గానీ మొదటిదాని పదును లేదు, చివరికి ఉంచుకోండి.