నోరు ఎండుతోందని వచ్చే రోగిని చూడవలసిన తీరు

చిరంజీవి సుధకు ఆశీస్సులు.

నోరు ఎండిపోతోందని చెప్పుకునే రోగులు ఈమధ్య ఎక్కువగా వస్తున్నారనీ, కృత్రిమ లాలాజలం స్ప్రే రాసి పంపడం తప్ప మరేం చేయాలో తోచడం లేదనీ రాశావు. స్ప్రే రాయడం తప్పు కాదు కానీ, అది చివరికి రావలసిన సంగతి. అంతకంటే ముందు, ఆ రోగి లాలాజల గ్రంథుల్లో పనిచేసే శక్తి ఇంకా ఎంత మిగిలి ఉందో తేల్చుకోవాలి. ప్రేరేపిస్తే ఊరే గ్రంథులున్న మనిషికి చేసే వైద్యం వేరు, ఎంత ప్రేరేపించినా చుక్క రాని మనిషికి చేసే వైద్యం వేరు. ఈ తేడా చూడకుండా రాస్తే చీటీ అందరికీ ఒకటే అవుతుంది, ఎక్కువమందికి పని చేయదు.

నోరు ఎండినట్టు అనిపించడమూ, లాలాజలం నిజంగా తగ్గడమూ ఎప్పుడూ కలిసే రావు. నోటి మంట ఉన్నవాళ్లలో, ఆందోళనతో బాధపడేవాళ్లలో, రాత్రంతా నోటితో ఊపిరి తీసుకునేవాళ్లలో కొందరికి ప్రవాహం మామూలుగానే ఉన్నా నోరు పిడచకట్టుకుపోతోందంటారు. మరికొందరికి లాలాజలం బాగా తగ్గినా నోటి మాటగా ఒక్క ఫిర్యాదూ ఉండదు. చిగురు అంచున, ఒకప్పుడు పిప్పి పట్టని కింది ముందు పళ్లతో సహా, వరసగా పుచ్చు మొదలైనప్పుడే సంగతి బయటపడుతుంది. ప్రవాహం ఎవరిది వారిదే. ఒక మనిషికి అలవాటైన ప్రవాహం దాదాపు సగానికి పడిపోయినప్పుడు ఎండిన భావన మొదలవుతుంది కాబట్టి, పుస్తకంలోని మామూలు పరిధిలోనే ఉన్న అంకె కూడా ఆ రోగికి లోటే కావచ్చు.

అందుకే ‘నోరు ఎండుతోందా’ అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టకు. అన్నం తినేటప్పుడు ఎండుతోందా, పొడి పదార్థం మింగాలంటే నీళ్లు తాగవలసి వస్తోందా, మింగడం కష్టమై మానేసిన పదార్థాలేవైనా ఉన్నాయా, నోట్లో ఉమ్మి తక్కువగా ఉన్నట్టు తెలుస్తోందా అని విడివిడిగా అడుగు. భోజనానికి సంబంధించిన ఈ ప్రశ్నలకు అవునని చెప్పినవాళ్లలో ప్రవాహం నిజంగా తగ్గి ఉండే అవకాశం ఎక్కువ. రాత్రి మాత్రమే ఎండుతుందనే మాటకు అంత బరువు ఇవ్వనక్కరలేదు. నిద్రలో లాలాజలం ఊరడం ఎవరికైనా దాదాపు ఆగిపోతుంది. ఆ తరువాత కళ్లలో ఇసుక పడ్డట్టు ఉంటుందా, కీళ్లు నొప్పులా, తీరని నీరసం ఉందా, దాహమూ మూత్రమూ ఎక్కువయ్యాయా, తలకో మెడకో ఎప్పుడైనా రేడియేషన్ ఇచ్చారా, థైరాయిడ్ కోసం రేడియోధార్మిక అయోడిన్ తీసుకున్నారా అన్నవి అడగడం మరవకు.

మందుల సంగతికి కాస్త ఎక్కువ సమయం ఇవ్వు, ఎందుకంటే కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ‘బీపీకి ఏదో వేసుకుంటాను’ అన్న జవాబుతో తృప్తి పడకుండా, వేసుకునే మందులన్నీ అట్టలతో సహా సంచిలో వేసుకుని రమ్మని చెప్పు. జలుబుకు, అలర్జీకి, నిద్రకు చీటీ లేకుండా కొనుక్కునేవి కూడా అందులో ఉండాలి. కుంగుబాటుకూ నరాల నొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, అలర్జీకి వాడే క్లోర్‌ఫెనిరమైన్, మానసిక వ్యాధులకు వాడే పలు మందులు, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బీపీ మందులు, ఓపియాయిడ్ నొప్పి మందులు, ఇవన్నీ నోటిని ఎండబెట్టగలవు. విడిగా పెద్దగా బాధించని మందులు కూడా నాలుగైదు కలిస్తే బాధిస్తాయి. వయసు మీద పడింది కాబట్టి నోరు ఎండుతుందిలే అని మనవాళ్లు తేలిగ్గా అనేస్తుంటారు. ఆ మాట నాకు నచ్చదు. వయసుతో వచ్చే మార్పు కొంత ఉన్నా, వయసుతో వచ్చిన జబ్బులూ వాటికి వాడే మందులూ చేసే హాని దానికంటే చాలా ఎక్కువ.

ఇక నోరు తెరిపించు. నోటి అద్దాన్ని ముందుగా తడపకుండా, దాని వీపును చెంప లోపలి పొరకు ఆనించి మెల్లగా లాగు. మామూలు నోట్లో అది జారిపోతుంది. ఎండుతున్న నోట్లో పొరకు అతుక్కుని, వదిలేటప్పుడు పొరను కాస్త తనతో పాటు లాక్కొస్తుంది. నాలుక మీద కూడా అలాగే చేసి చూడు. తరువాత నాలుక పైకెత్తమని చెప్పి, దాని కింద లాలాజలం నిలిచిందా, లేక నురగ మాత్రమే ఉందా గమనించు. నాలుక మీది బుడిపెలు అరిగిపోయాయా, నాలుక పగుళ్లు తేలిందా, చిగుళ్లు నునుపెక్కి సహజమైన ఆకారం పోగొట్టుకున్నాయా, అంగిలి గాజులా మెరుస్తోందా, అంగిలికీ పళ్లకూ తిన్న పదార్థం అంటుకుని ఉందా, రెండుకు మించిన పళ్లలో మెడ దగ్గర, అంటే చిగురు అంచున, పుచ్చు ఉందా చూడు. ఈ పది లక్షణాలకు ఒక్కొక్కటి చొప్పున లెక్కగట్టేదే చాలకోంబ్ కొలమానం: 1 నుంచి 3 వరకు స్వల్పం, 4 నుంచి 6 వరకు మధ్యస్థం, 7 నుంచి 10 వరకు తీవ్రం. ఖర్చు లేదు, రెండు నిమిషాల పని, వచ్చేసారి పోల్చుకోవడానికి కాగితం మీద ఒక అంకె ఉంటుంది.

గ్రంథులను తాకి చూడకుండా పరీక్ష ముగించకు. పై రెండో దవడ పన్నుకు ఎదురుగా, చెంప లోపల, చెవి ముందుండే పరోటిడ్ గ్రంథి నాళం తెరుచుకునే బుడిపెను దూదితో తుడిచి ఆరబెట్టు. అద్దం ఆనించి ఆ చోటు కనిపించేలా పట్టుకుని, బయట చెవి ముందు నుంచి గ్రంథిని వేళ్లతో మెల్లగా ముందుకు నొక్కుతూ రా. పనిచేసే గ్రంథి అయితే ఆరిన చోట తేటనీటి చుక్క ఒకటి పుట్టి, మెరిసి, జారుతుంది. చుక్క రాకపోతే గ్రంథి బాగా దెబ్బతిని ఉండవచ్చు, నాళంలో అడ్డమైనా ఉండవచ్చు. చీము కలిసిన చుక్క వస్తే ఇన్ఫెక్షన్. నాలుక కింద, నాలుకను నోటి అడుగుకు కలిపే తంత్రికి ఇరువైపులా ఉన్న, కింది దవడ కింది సబ్‌మాండిబులర్ గ్రంథుల నాళాల ద్వారాలను కూడా ఇలాగే చూడు. నోరు విశ్రాంతిగా ఉన్నప్పుడు ఊరే లాలాజలంలో ఎక్కువ భాగం ఈ గ్రంథులదే, నమిలేటప్పుడు పరోటిడ్ వాటా పెరుగుతుంది. కనుక ఏ వేళ నోరు ఎండుతోందో రోగి చెప్పే మాటకు కూడా అర్థం ఉంటుంది.

ఆ తరువాత కొలవాలి. కొలత అనగానే పెద్ద యంత్రం కావాలనుకుని చాలామంది దంతవైద్యులు దాన్ని వదిలేస్తారు. కావలసింది ఒక గరాటు, గీతలున్న గొట్టం, గడియారం, అంతే. కనీసం గంట ముందు నుంచి తినడం, తాగడం, పొగ తాగడం, పళ్లు తోముకోవడం ఉండకూడదని ముందే చెప్పు. ప్రతిసారీ ఇంచుమించు ఒకే వేళకు రమ్మను, ఎందుకంటే ప్రవాహం రోజులో మారుతూ ఉంటుంది. నిటారుగా కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకు వంచమని, ఒకసారి మింగమని చెప్పి, ఆపైన మింగకుండా, మాట్లాడకుండా 5 నిమిషాలు లాలాజలాన్ని గొట్టంలోకి జారనివ్వు. తరువాత రుచి లేని మైనపు ముక్కను నమిలించి మరో 5 నిమిషాలు పట్టు. నురగ వల్ల గీతలు మోసం చేస్తాయి కాబట్టి తూకం వేసుకోవడం మేలు. 1 గ్రామును 1 మిల్లీలీటరుగా లెక్కించవచ్చు. విశ్రాంత ప్రవాహం సగటున నిమిషానికి 0.3 నుంచి 0.4 మి.లీ. ఉంటుంది, 0.1 కి చేరినా, అంతకు తగ్గినా లోటు ఖాయం. నమిలినప్పటి ప్రవాహం 0.7 కంటే తక్కువైతే అనుమానించు, 0.5 కంటే తక్కువైతే గట్టిగా పట్టించుకో.

విశ్రాంత ప్రవాహం తక్కువై, నమిలినప్పుడు బాగా ఊరితే గ్రంథి బతికే ఉందన్నమాట. మందుల వల్ల ఎండే నోళ్లు తరచుగా ఇలాగే ఉంటాయి. రెండూ అడుగంటితే, రోగనిరోధక శక్తి సొంత గ్రంథుల మీదే దాడి చేసే షోగ్రెన్ వ్యాధినో, రేడియేషన్ దెబ్బనో తలుచుకో. కళ్లు కూడా ఎండుతుంటే యాంటీ రో రక్తపరీక్షకూ, కంటి డాక్టరు కన్నీళ్లు కొలిచే షిర్మర్ పరీక్షకూ పంపు. అవసరమైతే కింది పెదవి లోపలి చిన్న గ్రంథుల ముక్క తీసి పరీక్షించవలసి వస్తుంది. షోగ్రెన్ ఉన్న రోగిలో పరోటిడ్ వాపు తగ్గకుండా నిలిచిపోయినా, గట్టిపడినా ఆలస్యం చేయవద్దు. వారికి లింఫోమా అనే క్యాన్సర్ ముప్పు ఇతరులకంటే ఎక్కువ. అదుపు తప్పిన మధుమేహం, హెపటైటిస్ సి, హెచ్ఐవి కూడా మనసులో ఉంచుకో.

వైద్యంలో రోగి సుఖం కోరుతాడు, నువ్వు పళ్లను కూడా కాపాడాలి. రెంటికీ వేర్వేరు మందులని తెలుసుకో. స్ప్రే నోటిని తడిపి ఊరట ఇస్తుంది కానీ పుచ్చును ఆపదు. ఎనామెల్ ఇంచుమించు 5.5 పీహెచ్ దగ్గర కరగడం మొదలైతే, చిగురు జారి బయటపడ్డ వేరు అంతకంటే తక్కువ ఆమ్లానికే, 6 దాటిన పీహెచ్‌లోనే కరుగుతుంది. కాబట్టి 5000 పీపీఎం ఫ్లోరైడ్ పేస్టు రోజూ వాడించు, తోముకున్న తరువాత నురగ ఉమ్మేయమను, నోరు పుక్కిలించవద్దని చెప్పు. 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్ మూడు నెలలకోసారి వెయ్యి. ఆమ్లీకరించిన ఫ్లోరైడ్ జెల్ ఎండిన పొరకు మంట పుట్టిస్తుంది, తటస్థమైనదే మంచిది. మెడ దగ్గరి పుచ్చు పూడ్చేటప్పుడు గ్లాస్ అయనోమర్ వైపు మొగ్గు. తడి ఉన్నా అతుక్కుంటుంది, ఫ్లోరైడునూ వదులుతుంది.

గ్రంథి బతికి ఉన్న రోగికి చక్కెర లేని జైలిటాల్ చూయింగ్ గమ్ మంచి మందే, ఖరీదైన స్ప్రే కంటే ముందు దాన్ని సూచిస్తాను. పుల్లటి బిళ్లలు చప్పరించమని మాత్రం సొంత పళ్లున్నవారికి ఎప్పుడూ చెప్పకు. ఉమ్మి ఊరుతుంది, పన్ను కరుగుతుంది. కొన్ని కృత్రిమ లాలాజలాలు కూడా ఆమ్లంగా ఉంటాయి, పీహెచ్ చూడకుండా రాయకు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్, సోడియం లారిల్ సల్ఫేట్ ఉన్న పేస్టు మాన్పించు. భోజనంతో నీళ్లు గుక్క గుక్కగా తాగడం మంచిదే. రోజంతా నిమిషానికోసారి తాగడం వల్ల మాత్రం, ఉన్న కాస్త జిగురు పొర కొట్టుకుపోవడమూ, రాత్రి నిద్ర చెడడమూ తప్ప పెద్ద లాభం లేదు.

లాలాజలం ఊరేలా గ్రంథులను ప్రేరేపించే మందుల్లో పైలోకార్పిన్ 5 మి.గ్రా. చొప్పున రోజుకు 3 లేదా 4 సార్లు, సెవిమెలైన్ 30 మి.గ్రా. చొప్పున 3 సార్లు ఇస్తారు. ఇవి ఉన్న గ్రంథిని పిండగలవు, లేని గ్రంథిని పుట్టించలేవు. కాబట్టి కొలవకుండా ఇవ్వడంలో అర్థం లేదు. చెమట బాగా పడుతుందనీ, మాటిమాటికీ మూత్రానికి వెళ్లవలసి వస్తుందనీ, రేడియేషన్ పొందినవారికి గుణం కనిపించడానికి పన్నెండు వారాల దాకా పట్టవచ్చనీ ముందుగానే చెప్పు, లేకపోతే వారం తిరక్కుండానే మానేస్తారు. అదుపులో లేని ఆస్తమా, కంటి పాపను కుంచించకూడని జబ్బులు, ముఖ్యంగా ఇరుకు కోణపు గ్లకోమా, ఉన్నవారికి ఇవి పనికిరావు. గుండె జబ్బు ఉంటే వారి డాక్టరును అడగకుండా రాయకు.

పెదవి మూలల్లో పగుళ్లు, కట్టుడు పళ్ల కింద ఎర్రబారిన అంగిలి, మండే నాలుక కనిపిస్తే కాండిడా అనే శిలీంధ్రాన్ని అనుమానించు. నోట్లో చప్పరించే యాంటీఫంగల్ బిళ్లల్లో, నిస్టాటిన్ ద్రవాల్లో చక్కెర ఉండవచ్చు, చూసి రాయి. రోగి రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకుంటుంటే మైకొనజోల్ జెల్ జోలికి పోకు. నోట్లో పూసేదే కదా అనుకుంటే రక్తస్రావం ప్రాణం మీదికి తెస్తుంది.

తల, మెడలకు రేడియేషన్ తీసుకోబోయే రోగి అయితే నిన్ను ముందే కలవాలి. తీయక తప్పని పళ్లను తీసి, కనీసం రెండు వారాలు మానడానికి వ్యవధి ఇచ్చి, ఆపైన పంపాలి. రేడియేషన్ తరువాత పన్ను తీస్తే దవడ ఎముక కుళ్లే ప్రమాదం ఏళ్లు గడిచినా పోదు.

మందు మార్చే పని ఎప్పుడూ నీ చేతుల్లోకి తీసుకోకు, రోగికీ మానెయ్యమని చెప్పకు. ఆ మందు రాసిన డాక్టరుకు ఉత్తరం రాయి. ‘మీ మందు వల్ల నోరు ఎండుతోంది’ అని రాస్తే ఎవరికైనా కోపమే వస్తుంది. విశ్రాంత ప్రవాహం ఇంత, ఆరు నెలల్లో కొత్తగా పుచ్చిన పళ్లు ఇన్ని, పడుకోబోయే ముందు వేసుకునే మోతాదును ముందుకు జరపడానికో, విడగొట్టడానికో, ప్రత్యామ్నాయం ఇవ్వడానికో వీలుంటుందా అని అడుగు. జవాబు రాకపోతే వారం ఆగి ఫోన్ చెయ్యి. మళ్లీ చూపు మూడు నెలలకే పెట్టుకో, అప్పుడు ప్రవాహాన్ని మొదటిసారి కొలిచిన వేళకే కొలువు.

ఆశీస్సులతో,
పెదనాన్న